పిండికట్టు వేసుకుని చూసిన సినిమాలు

మేడ మీద ఎండబెట్టిన మిరపకాయల చాట పట్టుకుని దిగుతూ చివరి మూడు మెట్లు ఒక్క అడుగులో దిగేశాను. మిరపకాయలకు ఏమీ కాలేదు. నా ఎడమ కాలు చీలమండ దగ్గర ఎముక పగిలింది. ఆరు వారాలు పిండికట్టు, కాలు కింద పెట్టొద్దు అన్నారు డాక్టరు. బడికి సెలవు పెట్టి, కాలు దిండు మీద పెట్టి, టీవీ ముందు కూర్చున్నాను. అలా చూసినవాటి గురించే ఇదంతా. కథలు కొంచెం బయటపడతాయి, చూడనివాళ్లు ఆ పేరాలు దాటేయండి.

ముందు ఒక చిన్న సంగతి. ఆ రోజు హాస్పిటల్‌కి ఆటో మాట్లాడారు. డ్రైవర్ నన్ను చూసి "అయ్యో టీచర్, మీరేనా!" అన్నాడు. దారి పొడుగునా గుంతల దగ్గర మెల్లగా పోనిస్తూ అద్దంలోంచి అడిగాడు, "గుర్తుపట్టిన్రా టీచర్?" అంత నొప్పిలోనూ అలవాటైన అబద్ధం నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "నిన్నెట్ల మర్చిపోత?" అన్నాను. 23 ఏళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఏడాదికి వంద మంది లెక్కన వేసుకున్నా రెండు వేలు దాటతారు. ఈ అబద్ధం నెలకు రెండుసార్లయినా ఆడతాను.

ఇక సినిమాలు. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి ఫోన్ చేసి పాస్‌వర్డ్‌లన్నీ చెప్పి టీవీలో పెట్టించాడు. మొదటి రోజు పెద్ద హీరోది, ఊళ్లకు ఊళ్లు తగలబడే సినిమా ఒకటి పెట్టాం. నలభై నిమిషాల్లో నేను లెక్కపెట్టినంత వరకు 61 మంది చచ్చారు, ఒక్కరికీ దినాలు చేయలేదు. అత్తమ్మ "గిదేం సిన్మానే, సచ్చినోళ్లకు ఏడ్శెటోళ్లే లేరు" అంది. ఆపేశాం. దాని పేరు రాయను.

ఆ మాట పట్టుకునే తర్వాతి రోజు 'బలగం' పెట్టాను. 2023లో వచ్చినప్పుడే నేను చూశాను. ఊళ్లలో తెర కట్టి రాత్రిపూట ఊరంతా కూర్చుని చూసిన సినిమా అది. మా అత్తమ్మకు మాత్రం అప్పుడు కంటి ఆపరేషన్ అయి కుదరలేదు. ఆమెది సిరిసిల్ల వైపు పల్లె. సినిమా తీసింది కూడా ఆ చుట్టుపక్కలే. కొమురయ్య చచ్చిపోతాడు, పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. కథంతా ఇంతే. అత్తమ్మకు చెవులు కొంచెం తక్కువ వినబడతాయి కాబట్టి ఆమె వ్యాఖ్యానం వీధిలోకి కూడా వినబడుతుంది. మూడో దినం పిట్ట రాకపోతే "రాదు. ఎట్లొస్తది? బిడ్డ మనసుల ఉన్నది గదా" అని కథ ఎటు పోతుందో ముందే తేల్చేసింది. కూరలో నల్లి బొక్క దగ్గర బావా బామ్మర్దులు మాటామాటా అనుకుంటుంటే నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నవ్వకు బిడ్డా. మా మేనమామ ఇంట్ల కూర కాడనే లొల్లి మొదలైంది. పన్నెండేండ్లు మాటల్లేవు" అంది.

నాకు ఈ సినిమాలో నచ్చేది అదే. గొడవకు కారణం ఎంత చిన్నదో సినిమాకూ తెలుసు, కానీ దాన్ని వెక్కిరించదు. జోకులు వేసే వేషాల్లో చూసిన వేణు యెల్దండి దర్శకుడుగా ఇంత నిదానంగా ఒక చావింటిని చూపిస్తాడని ఎవరనుకున్నారు. వంటలకు ఎవరు కూర్చుంటారు, ఎవరు అలుగుతారు, ఎవరు మందు తెస్తారు, ఎవరు డబ్బు లెక్క అడుగుతారు, అన్నీ ఉన్నాయి. ప్రియదర్శి చేసిన మనవడు సాయిలుకు అప్పుల టెన్షన్, ముందు వరసలో ఏడవడం కూడా సరిగ్గా రాదు. చివర్లో బుడగజంగాల పాట. పాడిన మొగిలయ్య, కొమురమ్మ నిజ జీవితంలోనూ భార్యాభర్తలు, ఆ వృత్తివాళ్లే. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో పోయాడు. ఆ సంగతి చెబితే అత్తమ్మ కాసేపు తెర వంకే చూసి, "మల్ల పెట్టు ఆ పాట" అంది. మూడుసార్లు పెట్టించింది. మర్నాడు పొద్దున ఆమె ఎవరికో ఫోన్ చేసి గట్టిగా మాట్లాడుతోంది. ఎవరికని అడగలేదు.

తర్వాత '35 చిన్న కథ కాదు'. 2024లో వచ్చింది, నందకిశోర్ ఈమాని తీశాడు. లెక్కల టీచర్‌గా ఇది చూడకుండా ఎలా ఉన్నావని స్టాఫ్ రూమ్‌లో ఏడాదిగా తిడుతున్నారు. ఎందుకు చూడలేదో చెబుతాను. ట్రైలర్‌లో లెక్కల సార్ని చూసి ఒళ్లు మండింది. సినిమాల్లో లెక్కల టీచర్ అంటే ఇంతే, చేతిలో కర్ర, మొహంలో చిరాకు. ఒక సెక్షన్‌కి యాభై నోట్‌బుక్కులు దిద్దేది ఎవరూ తీయరు.

కథ తిరుపతిలో. అరుణ్ అనే పిల్లాడికి లెక్కలంటే ఒక చోట ఆగిపోయింది. సున్నాకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన సున్నా పెడితే అది తొమ్మిది కంటే పెద్దది ఎలా అవుతుంది? సార్ దగ్గర జవాబు లేదు, తిట్టు ఉంది. పిల్లాడి పేరే 'జీరో' అయింది. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి వాడి కోసం మళ్లీ లెక్కలు మొదలుపెడుతుంది. నివేదా థామస్ చేసింది. వంటింట్లో పని చేస్తూ మధ్యమధ్య లెక్క గుర్తుచేసుకునే ఆ ఆడమనిషిని నేను మా బడిలో పిల్లల తల్లిదండ్రుల మీటింగుల్లో చూశాను. వెనక నిలబడతారు, "నాకేం తెల్వది టీచర్, నేను చదువుకోలే" అంటారు. ఆ మాట వెనక ఏముందో ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ అడగలేదు.

అరుణ్ ప్రశ్న మంచి ప్రశ్న. నిజానికి ఆరో తరగతిలో ఎవరైనా అది అడిగితే ఆ రోజు నాకు పండగ. నేనైతే చింతగింజలు తెస్తాను. పది గింజలు ఒక గుడ్డలో మూట కడతాను. 10 అని రాసినప్పుడు ఆ 1 ఇక ఒక గింజ కాదు, ఒక మూట. మరి పక్కన సున్నా ఏం చేస్తోంది? విడిగింజలు ఏమీ లేవు అని చెబుతోంది, ఆ జాగా ఎవరూ ఆక్రమించకుండా కాపలా కాస్తోంది. సున్నాను తీసేస్తే ఒకటి జరిగి వచ్చి విడిగింజల జాగాలో కూర్చుంటుంది, మూట పోయి గింజ మిగులుతుంది. విలువ పెరిగింది సున్నా వల్ల కాదు, ఒకటి కూర్చున్న చోటు వల్ల. సున్నాతో కూడికలూ తీసివేతలూ ఎలా చేయాలో బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రాలు రాసిపెట్టాడు. కానీ సున్నాతో భాగహారం దగ్గర ఆయనా తడబడ్డాడు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. మన అరుణ్ బ్రహ్మగుప్తుడి పక్క బెంచీవాడన్నమాట.

సినిమా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినంతసేపూ కళ్లు తిప్పలేదు. ఆఖర్లో పరీక్ష దగ్గరకొచ్చేసరికి సంగీతం పెరిగిపోయి లెక్క తగ్గిపోయింది. ఆ సార్ చాణక్యని కూడా మొదట్లో మరీ విలన్ చేశారు. అయినా ఆ పాత్రలో ప్రియదర్శి బాగున్నాడు. అతన్ని చూడగానే అత్తమ్మ "గీ పోరడు తాత సచ్చిపోయినా ఏడ్వలే, ఇప్పుడు పోరగాండ్లను కొడుతుండు" అంది. బలగం సాయిలూ, ఈ సారూ ఒకడే అని ఆమె లెక్క. కాదని రెండు రోజులు చెప్పి ఊరుకున్నాను.

అసలు నన్ను గుచ్చింది వేరే. మార్కులను బట్టి పిల్లల్ని పిలవడం. నేను ఎవర్నీ జీరో అనలేదు. కానీ యూనిట్ టెస్ట్ పేపర్లు ఇచ్చేటప్పుడు ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరసగా పేర్చుకుని పిలుస్తాను. మొదట పిలిచినవాడు నవ్వుతూ వస్తాడు. చివరివాడు వచ్చేసరికి క్లాసంతా వాడినే చూస్తుంటుంది. ఇది నాకు మా లెక్కల సార్ నుంచి వచ్చిన అలవాటు. 23 ఏళ్లుగా అదే వరస.

'90స్ మిడిల్ క్లాస్ బయోపిక్' ఆరు ఎపిసోడ్లు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి. మళ్లీ లెక్కల టీచరే, ఈసారి ఇంట్లో తండ్రి. శివాజీ ఆ చంద్రశేఖర్‌ని ఎంత బాగా చేశాడంటే, మా ఆయన ఉప్మా ఎపిసోడ్‌లో గురక ఆపి లేచి కూర్చున్నాడు. ఉప్మా మా ఇంట్లోనూ సమస్యే. రూపాయి రూపాయి లెక్కబెట్టే తండ్రి ప్రేమ ఎటు నుంచి వస్తుందో పిల్లలకు తెలియదు, ఆయనకూ తెలియదు. కొన్నిచోట్ల జ్ఞాపకాల సంచీ కుమ్మరించినట్టు పాత వస్తువులన్నీ వరసగా చూపిస్తారు, అది నాకు విసుగు. అయినా ముగ్గురు పిల్లల్లో చదువు అబ్బని ఆఖరివాడు ఆదిత్యకు ఇచ్చిన చోటు బాగుంది.

ఈ శివాజీనే వారం తర్వాత 'కోర్ట్'లో మంగపతిగా చూసి భయపడ్డాను. అదే మనిషి, అదే గొంతు. అక్కడ ఇంటి కోసం కోప్పడే తండ్రి, ఇక్కడ ఇంటి పరువు కోసం పిల్లల బతుకులు తొక్కే మామయ్య. ఆ గొంతు ఎత్తకుండానే ఇంట్లో ఆడవాళ్లను గోడకు అతికించేస్తాడు. అత్తమ్మ అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రామ్ జగదీష్ తీసిన ఈ సినిమా 2025 మార్చిలో వచ్చింది. విశాఖపట్నంలో, 2013లో జరిగిన కథగా చెబుతారు. వాచ్‌మన్ కొడుకు చందు, డబ్బున్న ఇంటి అమ్మాయి జాబిలి. అబ్బాయికి 19, అమ్మాయికి ఇంకా 18 నిండలేదు. పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసు పెడతారు. 2012లో వచ్చిన ఆ చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. కొన్ని తీవ్రమైన నేరాల్లో నేరం చేశాడనే కోర్టు మొదట అనుకుంటుంది, చేయలేదని నిరూపించుకోవాల్సింది ముద్దాయి. మామూలు కేసులకు ఇది తలకిందులు. చందు లాంటి పిల్లాడు, చేతిలో డబ్బులేని కుటుంబం, దాన్ని ఎలా నిరూపించుకుంటారు? ఈ భయాన్ని మొదటి సగం చాలా బాగా పట్టుకుంది. రెండో సగంలో లాయర్ సూర్య తేజకు సాక్ష్యాలు కొంచెం సులభంగా దొరికిపోతాయి. ప్రసంగం కూడా ఒకటి నిడివి ఎక్కువ. (లాయర్ మళ్లీ ప్రియదర్శే. "ఇప్పుడు మంచిగైండు" అంది అత్తమ్మ. ఈ ఆరు వారాల్లో మా హాల్లో నా తర్వాత ఎక్కువసేపు ఉన్నది అతనే.)

ఒక మాట చెప్పాలి. ఈ సినిమా చూసి బయటికి వచ్చినవాళ్లు కొందరు ఆ చట్టమే తప్పు అన్నట్టు మాట్లాడారు. నేను ఒప్పుకోను. ఆ చట్టం లేకపోతే ఏమయ్యేదో తెలిసిన ఆడపిల్లల పక్కన నేను కూర్చున్నాను. ఎవరు, ఎప్పుడు అన్నది ఇక్కడ చెప్పేది కాదు. సినిమా కూడా చట్టం వద్దనలేదు, దాన్ని వాడిన చేతుల గురించి చెప్పింది. కానీ తొమ్మిది, పది తరగతుల్లో కూర్చున్న ఎంతమందికి ఆ 18 అనే గీత సంగతి తెలుసు? పైథాగరస్ సిద్ధాంతం రెండు వారాలు చెబుతాను. దీనికి ఒక్క పీరియడ్ ఇవ్వలేదు.

'సివరపల్లి' గురించి రెండు ముక్కలు. హిందీ 'పంచాయత్'కి తెలుగు రూపం. పట్నం కుర్రాడు ఇష్టం లేకుండా పల్లెలో పంచాయతీ సెక్రటరీగా చేరతాడు. రాగ్ మయూర్ మొహం ఆ విసుగుకు సరిపోయింది, భాష చెవికి హాయి. కానీ ఆఫీసు తాళంచెవి పోవడం నుంచి అన్నీ అక్కడివే ఇక్కడ దింపారు. తెలంగాణ పల్లె పంచాయతీల్లో ఇంతకంటే వింత కథలు బోలెడున్నాయి, అప్పు ఎందుకు తెచ్చుకోవడం? సర్పంచ్ భార్య, పెత్తనం భర్త అన్నది మాత్రం ఎక్కడినుంచీ తెచ్చుకోనక్కర్లేదు. అసలు పంచాయత్‌లో ప్రహ్లాద్‌గా చేసిన ఫైసల్ మలిక్ కోసం నేను రెండో సీజన్ చివరి ఎపిసోడ్ మళ్లీ చూశాను. అంత బరువైన మనిషి అంత ఖాళీగా కూర్చోవడం ఇంకెక్కడా చూడలేదు.

'అడాలసెన్స్' మా అబ్బాయి చెప్పి చూడమన్నది. ఇంగ్లాండ్‌లో 13 ఏళ్ల జేమీ తన క్లాసు అమ్మాయిని చంపాడని పోలీసులు తెల్లవారుజామున తలుపు పగలగొట్టి వస్తారు. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కొక్కటి ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్. ఇది రాత్రిపూట అందరూ పడుకున్నాక చూశాను. ఎవరు చేశారన్నది మొదటి గంటలోనే తేలిపోతుంది, ఎందుకన్నదే మిగతా అంతా.

అందరూ మూడో ఎపిసోడ్ గొప్పదంటారు, ఒక గదిలో ఆ పిల్లాడూ సైకాలజిస్టూ. నిజమే. జేమీగా చేసిన ఓవెన్ కూపర్‌కి అదే మొదటి వేషం, 15 ఏళ్లకే ఎమ్మీ వచ్చింది. ఆ పిల్లాడు ఒక్క క్షణంలో పసివాడి నుంచి మగాడిలా అరిచి, మళ్లీ పసివాడవుతాడు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది రెండోది, బడి ఎపిసోడ్. పోలీసు ఆ కారిడార్లలో తిరుగుతుంటాడు. టీచర్లు అరుస్తుంటారు, ఎవరూ వినరు. ఏ క్లాసులోనూ పాఠం జరగదు. అంత పెద్ద పోలీసు అధికారికి ఫోన్‌లో పిల్లలు పెట్టుకున్న రంగు రంగు బొమ్మల అర్థం తెలియదు, అదే బడిలో చదివే కొడుకు పక్కకు పిలిచి చెప్పాలి. అక్కడ ఆపి మంచినీళ్లు తాగాను. మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. హోంవర్క్ పెడితే బొటనవేలు బొమ్మలు వస్తాయి. అవి బొటనవేలు బొమ్మలే అని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను లేని ఇంకో గ్రూపు ఉంటుందని ఆ రాత్రి తట్టింది. ఉండకుండా ఎలా ఉంటుంది?

ఆఖరి ఎపిసోడ్ తండ్రిది. స్టీఫెన్ గ్రాహమ్. పుట్టినరోజు నాడు ఎవరో తన వ్యాన్ మీద రాసిన పిచ్చిరాతను కడగడానికి పడే పాట్లే ఎపిసోడ్ అంతా. అయ్యాక నేను పైకి పోయి, హైదరాబాద్‌లో ఉన్న మా వాడి ఖాళీ గదిలో లైటు వేసి చూద్దామనుకున్నాను. కాలికి కట్టు, మెట్లు ఎక్కలేను.

కట్టు విప్పడానికి నాలుగు రోజుల ముందు 'సత్యం సుందరం'. సి. ప్రేమ్ కుమార్ తమిళంలో 'మెయ్యళగన్'గా తీసిన సినిమా. డబ్బింగ్‌లో ఊళ్ల పేర్లు గుంటూరు వైపువి పెట్టారు గానీ గుడి గోపురాలు, పెళ్లి మంటపం, ఆ పచ్చదనం తంజావూరివే, దాచినా దాగవు. ఆస్తి తగాదాలతో చిన్నప్పుడే ఊరు వదిలిన సత్యం, చెల్లెలి పెళ్లికని ఒక్క పూటకు వస్తాడు. అక్కడ ఒకడు బావా బావా అంటూ అంటుకుపోతాడు, తినిపిస్తాడు, ఇంటికి తీసుకుపోతాడు, రాత్రంతా కబుర్లు చెబుతాడు. సత్యానికి వాడెవడో తెలియదు. పేరు గుర్తులేదు. అడగడానికి సిగ్గు.

అరవింద్ స్వామి మొహంలో ఆ సిగ్గు చూస్తూ నేను దిండు సర్దుకున్నాను. ప్రతి బస్సులో, ప్రతి పెళ్లిలో నా మొహం అది. "గుర్తుపట్టారా టీచర్?" అనగానే నవ్వి, "ఎక్కడున్నావిప్పుడు, ఏం చేస్తున్నావు" అని చుట్టూ తిరిగి, పేరు వాళ్లే చెబుతారేమోనని ఎదురుచూడటం. కార్తి చేసిన ఆ మనిషి ఒక పాత సైకిల్ గురించి చెబుతాడు. వీళ్లు ఊరు వదిలేటప్పుడు వదిలేసిన సైకిల్, వాళ్ల ఇంటి బతుకును మార్చింది. ఇచ్చినట్టు ఇచ్చినవాడికే తెలియదు. సినిమా పొడుగే, రాత్రి కబుర్లలో చరిత్ర పాఠం ఎక్కువైంది, విడుదలయ్యాక 18 నిమిషాలు తగ్గించినా ఇంకో పది తగ్గించొచ్చు. అత్తమ్మ మధ్యలో నిద్రపోయింది. కానీ తెల్లవారకముందే సత్యం చెప్పకుండా పారిపోతాడు చూడండి, పేరు తెలియనందుకు, అక్కడ నేను రిమోట్‌తో వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాను.

కట్టు విప్పించుకోవడానికి ఆ ఆటోనే పిలిపించాను. హాస్పిటల్ నుంచి తిరిగి వస్తూ, రైల్వే గేటు పడి ఆగినప్పుడు చెప్పేశాను. "నాయనా, ఆ రోజు అబద్ధం చెప్పాను. నాకు నీ పేరు గుర్తులేదు."

అతను నవ్వాడు. కోపమేమీ లేదు. పేరు చెప్పాడు, ఏ బ్యాచో చెప్పాడు. ఇక్కడ రాయను. తర్వాత గేటు వైపు చూస్తూ అన్నాడు, "మీరు పేపర్లు ఇచ్చేటప్పుడు ఎప్పుడూ నా పేరే ఆఖరుకు పిలిచెటోళ్లు టీచర్. గందుకే మీకు యాదికుంటదనుకున్న."

రైలు పోయేదాకా ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దిగి ఎంతయిందని అడిగాను. వద్దన్నాడు, బలవంతం చేస్తే 120 అన్నాడు. 200 ఇచ్చాను. జేబులోంచి నోట్లు తీసి, ఒక్కొక్కటే లెక్కబెట్టి, 80 నా చేతిలో పెట్టాడు.